పైపు పానా ఎవరిది?

ప్లంబర్ సంచిలో అన్నిటికన్నా మొరటుగా కనిపించే సామాను పైపు పానా. పై దవడ వదులుగా ఊగుతూ ఉంటుంది. కొత్తగా కొన్నవాళ్ళు "ఇదేంటి, అప్పుడే లూజైపోయింది" అనుకుంటారు. నిజానికి ఆ లూజే దాని ప్రాణం. 1869లో బోస్టన్ దగ్గర పనిచేసే ఒక మెకానిక్ దీని మీద పేటెంటు తీసుకున్నాడు. ఆ పేటెంటు ఎవరి పేరు మీద ఉంది, డబ్బులు ఎవరికి వెళ్ళాయి అన్న సంగతి, కంపెనీల్లో కోడు రాసుకుని బతికే మనలాంటి వాళ్ళు తెలుసుకోదగ్గది.

ముందు సమస్య ఏంటో చూద్దాం. నట్టుకి పక్కలు చదునుగా ఉంటాయి, పానా పట్టడానికి చోటుంటుంది. పైపు గుండ్రం, ఎక్కడ పట్టుకున్నా జారుతుంది. 19వ శతాబ్దం మొదట్లో గ్యాసు దీపాల కోసం పాత తుపాకీ గొట్టాల్ని ఒకదానికొకటి తగిలించి పైపులుగా వాడారు. 1825లో ఇంగ్లండులో కార్నీలియస్ వైట్‌హౌస్ ఇనప గొట్టాల్ని చవగ్గా చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక పైపులు ఊరూరా పాకాయి. ముందు గ్యాసు, తర్వాత ఆవిరి, నీళ్ళు. పైపు చివర మర ఏటవాలుగా ఉంటుంది, అంటే తిప్పే కొద్దీ బిగుసుకుంటుంది. కారకుండా ఉండేది అందుకే. కానీ చివరి చుట్లు తిప్పడానికి బోలెడంత బలం కావాలి.

పైగా పైపులు ఉండే చోటు ఎలాంటిది? గోతిలో, నేలమాళిగలో, బాయిలరు వెనకాల. చెయ్యి దూరడమే కష్టం. దూరినా ఏం చేస్తున్నామో కనపడదు. పానా కాడని పావు చుట్టు తిప్పేసరికి గోడకి తగులుతుంది. తీసి మళ్ళీ పెట్టాలి. అప్పట్లో ఉన్న మంచి పానా లోరింగ్ కోస్ 1841లో పేటెంటు తీసుకున్నది. మసాచుసెట్స్‌లోని వూస్టర్ అతని ఊరు. ఒక మర తిప్పితే దవడలు దగ్గరకీ దూరానికీ జరుగుతాయి. నట్టుకి బ్రహ్మాండం, పైపుకి దండగ. దవడలు ఎంత బిగించినా అవి నున్నటి సమాంతర పలకలే కదా, గుండ్రటి పైపు మీద జారిపోతాయి. లేదంటే ఒక్కో సైజుకి ఒక్కో పట్టకారు మోసుకుంటూ పోవాలి.

ఇక్కడ డేనియల్ స్టిల్‌సన్ వస్తాడు. అతను అమెరికా అంతర్యుద్ధంలో నౌకాదళంలో పనిచేసిన మెకానిక్. ఓడల ఇంజన్ గదుల్లో, అంటే పైపుల అడవిలో, చేతులు కాల్చుకున్నవాడన్నమాట. యుద్ధం తర్వాత వాల్‌వర్త్ కంపెనీలో చేరాడు. ఈ వాల్‌వర్త్ వాళ్ళది ఆవిరితో భవనాల్ని వెచ్చబెట్టే వ్యాపారం. జేమ్స్ వాల్‌వర్త్, జోసెఫ్ నేసన్ కలిసి 1840ల మొదట్లో మొదలుపెట్టారు. పైపులు బిగించడమే వాళ్ళ జీవితం.

స్టిల్‌సన్ తన ఊహని అక్కడి సూపరింటెండెంట్ లెవీ గ్రీన్‌కి చెప్పాడు. ఇద్దరూ నేవీలో కలిసి పనిచేసినవాళ్ళే. తర్వాత జరిగింది ఒక కథలాగా చెప్పుకుంటారు: "ఒకటి చేసుకురా, పైపుకి తగిలించి తిప్పు. పైపన్నా తెగాలి, పానా అన్నా విరగాలి" అన్నాట్ట గ్రీన్. పైపే తెగింది. మన భాషలో చెప్పాలంటే స్ట్రెస్ టెస్టు మొదటి రన్‌లోనే పాసయ్యిందన్నమాట.

ఇంతకీ అందులో ఉన్న కిటుకేంటి? ఒక దవడ కాడకే కదలకుండా ఉంటుంది. కొక్కెంలాంటి రెండో దవడ ఒక చట్రంలోంచి దూరి వస్తుంది, దాని ఒంటికి ఉన్న మర మీద నట్టు తిప్పితే సైజు మారుతుంది. ఇంతవరకూ కోస్ పానాకీ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా అల్లా ఆ చట్రంలో కావాలని వదిలిన ఖాళీలో ఉంది. కాడని లాగగానే కొక్కెం దవడ కాస్త వాలుతుంది. వాలితే రెండు దవడల మధ్య ఎడం తగ్గి, పళ్ళు పైపుని కొరుకుతాయి. ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా కొరుకుతుంది. వెనక్కి తోస్తే పట్టు సడలి పైపు చుట్టూ జారుతుంది, స్ప్రింగు దవడని మళ్ళీ సిద్ధంగా ఉంచుతుంది. అంటే సైజు ఉజ్జాయింపుగా పెడితే చాలు, మిగిలినది అదే సర్దుకుంటుంది. ఒంటి చేత్తో, చూడకుండా, పావు చుట్టు పావు చుట్టుగా గోతిలో పని కానివ్వొచ్చు.

లోపాలూ ఉన్నాయి. ఒకవైపే పట్టుకుంటుంది, రెండో దిక్కుకి తిప్పాలంటే పానానే తిరగెయ్యాలి. పైపు మీద పళ్ళ గాట్లు పడతాయి. ఐనా అసలు సూత్రం 150 ఏళ్ళు దాటినా మారలేదు. మన పల్లెల్లో బోరింగు బాగుచేసేటప్పుడు చూస్తే తెలుస్తుంది. 1970లలో మన దేశంలోనే రూపొందించిన ఇండియా మార్క్-2 బోరింగులో 3 మీటర్ల జీఐ పైపులు ఒకదానికొకటి మరలతో బిగించి బోరులోకి దించుతారు. సిలిండరు 30 మీటర్ల లోతున ఉంటే పది పైపులు. లోపల వాషరు అరిగిందంటే వాటన్నిటినీ పైకి లాగుతూ, ఒక పానాతో కింది పైపుని పట్టి, ఇంకోదానితో పై పైపుని విప్పుతూ పోవాలి. ఈ బాధ పడలేకే 1980లలో పైపులు లాగకుండా వాషరు మార్చుకునేలా మార్క్-3 తయారుచేశారు.

సరే, అసలు విషయానికొద్దాం. వాల్‌వర్త్ వాళ్ళు ఆ పానాని తమ పేరు మీద రాయించుకోలేదు. పేటెంటు స్టిల్‌సన్ పేరు మీదే వచ్చింది. కంపెనీ తయారుచేసి అమ్మింది, అతనికి రాయల్టీ ఇచ్చింది. 1899లో చనిపోయేలోపు అతనికి అందింది సుమారు 80,000 డాలర్లని చెబుతారు. ఆ రోజుల్లో అది మెకానిక్ జీతంతో కలలో కూడా చూడలేని మొత్తం. ఇప్పటికీ చాలా దేశాల్లో పైపు పానాని స్టిల్‌సన్ అనే అంటారు.

వాల్‌వర్త్ వాళ్ళది మంచితనమే అనుకోనక్కర్లేదు. అప్పటి అమెరికాలో పద్ధతే అంత. 1843లో సుప్రీంకోర్టు మెక్‌క్లర్గ్ వర్సెస్ కింగ్స్‌లాండ్ కేసులో ఒక ఫౌండ్రీ పనివాడి గొడవ విన్నది. అతను కొత్త పోత పద్ధతి కనిపెట్టాడు, యజమానులు జీతం పెంచారు కానీ పేటెంటు కొనమంటే కొనలేదు. అతను మానేసి వేరేవాళ్ళకి అమ్ముకున్నాడు. పాత యజమానులు ఆ పద్ధతిని వాడుకోవచ్చు అన్నది కోర్టు. వాడుకోవచ్చు, అంతే. పేటెంటు మాత్రం వాళ్ళది కాలేదు. 1924కి గాలి మారింది. ఫలానాది కనిపెట్టమనే జీతమిస్తే ఆ పేటెంటు యజమానిదే అని పెక్ అనే అతని కేసులో అదే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత కోర్టు దాకా వెళ్ళే అవసరమే లేకుండా కంపెనీలు చేరేరోజే సంతకాలు పెట్టించుకోవడం మామూలైపోయింది.

పేరు ఒకరిది, సరుకు మీద ముద్ర ఇంకొకరిది అయిన కథ కూడా ఉంది. స్వీడన్‌లో యోహాన్ పీటర్ యోహాన్సన్ 1888లో ఒక పైపు పానాకి, 1890ల మొదట్లో ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉండే అడ్జస్టబుల్ స్పానరుకి పేటెంట్లు తీసుకున్నాడు. అమ్మిపెట్టే ఒప్పందం బి.ఎ. యోర్త్ అనే వ్యాపారితో. ప్రపంచమంతా తెలిసిన బాకో అనే బ్రాండు ఆ వ్యాపారి కంపెనీ పేరులోని అక్షరాలే. చేసినవాడి పేరు దాంట్లో ఎక్కడా లేదు.

ఇంకోవైపు, చెయ్యనిదాన్ని అంటగట్టడమూ ఉంది. మంకీ రెంచి కనిపెట్టింది నల్లజాతి బాక్సింగ్ చాంపియన్ జాక్ జాన్సన్ అనీ, ఆ పేరు అతన్ని ఎగతాళి చెయ్యడానికి పెట్టిందనీ ఒక కథ ఫార్వర్డుల్లో తిరుగుతూ ఉంటుంది. జాన్సన్ పుట్టింది 1878లో, ఆ మాట అంతకు చాలా ముందే వాడుకలో ఉంది. ఐతే 1922లో ఒక రెంచికి అతను నిజంగానే పేటెంటు తీసుకున్నాడు, సులువుగా విప్పి బాగుచేసుకునే రకం. అబద్ధపు గొప్ప అంటగట్టి, నిజంగా చేసిన పనిని మరుగున పడేశాం.

మన సంగతి చూస్తే, మన దేశంలో 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసిన కోడుకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు కంపెనీయే. పేటెంటు విషయంలో ఒప్పందమే అంతా. కాలిఫోర్నియాలో మాత్రం లేబర్ కోడు 2870 సెక్షన్ ఉంది. సొంత సమయంలో, కంపెనీ సామాను ముట్టకుండా చేసింది, కంపెనీ వ్యాపారంతో సంబంధం లేనిదైతే ఉద్యోగిదే.

కంపెనీ వైపు న్యాయం లేదని కాదు. ఫ్యాక్టరీ, పెట్టుబడి, అమ్మకాలు వాల్‌వర్త్‌వి. అవి లేకపోతే స్టిల్‌సన్ దగ్గర మిగిలేది ఒక నమూనా. కానీ ఆ నమూనా ఆఫీసు గదిలో కూర్చున్నవాడికి తట్టేది కాదు. పైపుల మధ్య చెయ్యి ఇరుక్కున్నవాడికే తట్టింది. రాయల్టీ ఇవ్వడం వల్ల వాల్‌వర్త్ మునిగిపోలేదు సరికదా, ఆ పానా అమ్ముకుని బాగుపడింది. ఇప్పుడైతే స్టిల్‌సన్‌కి ఒక సర్టిఫికెట్టూ, ఒక గిఫ్టు కార్డూ, సంవత్సరం చివర "మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్" దొరికేవేమో.

కాబట్టి చేరేముందు ఆ ఒప్పందం ఒకసారి చదవండి. చాలావాటిలో "ఇంతకుముందే మీరు చేసినవి" రాయమని ఒక ఖాళీ పేజీ ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలెయ్యకండి.