బొక్కలు నేర్పిన చదువు

సికింద్రాబాద్ మోండా మార్కెట్ మటన్ దుకాణాల్లో కత్తి పట్టినవాళ్ళెవరూ శరీర నిర్మాణ శాస్త్రం చదవలేదు. అయినా తొడబొక్క తుంటిలో ఎక్కడ కూర్చుంటుందో, ఆ కీలులోకి కత్తిమొన ఏ వాలున దింపితే బొక్క పగలకుండా రాన్ (తొడ) విడివడుతుందో వాళ్ళకు తెలుసు. మా నాయన వాళ్ళలో ఒకడు. మా ఆరెకటిక ఇళ్ళల్లో ఈ విద్య తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చేది. మేక పొట్ట చీలిస్తే ముందు బోటి బయటికి వస్తుంది. గుండె, ఫేఫ్డా (ఊపిరితిత్తులు) అందాలంటే పక్కటెముకల కింద అడ్డంగా పరుచుకున్న పలచని కండపొరను కోయాలి. ఆ పొర విభాజక పటలమనీ, దానికి పైన ఉరఃకుహరం, కింద ఉదరకుహరం ఉంటాయనీ తర్వాత మెడికల్ కాలేజీ నాకు చెప్పింది. ఉద్యోగమంతా అనాటమీ చెబుతూ గడిపాను గనుక, ఆ చదువు మన జంటనగరాలకు ఎట్లా వచ్చిందో, ఎవరి దేహాల మీద నిలబడిందో రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

జంతువును కోసి తెలుసుకున్నది మనిషికి అచ్చంగా సరిపోదు. రోమన్ కాలపు వైద్యుడు గేలెన్ కోతులను, పందులను కోసి మనిషి శరీరాన్ని వర్ణించాడు. మనిషి కింది దవడలో రెండు ఎముకలున్నాయనీ, రొమ్ముఎముక ఏడు ముక్కలనీ రాశాడు. వైద్యులు ఆ మాటనే వెయ్యేళ్ళకు పైగా నమ్మారు. 1543లో వెసాలియస్ అనే వైద్యుడు మనుషుల శవాలను స్వయంగా కోసి చూసి, దవడ ఒకటే ఎముక, రొమ్ముఎముక మూడు భాగాలు అని తేల్చాడు. మన సుశ్రుతుడు అంతకు చాలా ముందే మనిషి దేహాన్నే చూడాలన్నాడు. శవాన్ని గడ్డితో, నారతో చుట్టి, బోనులో పెట్టి, నెమ్మదిగా పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచాలి. నానిన తర్వాత కుంచెతో మెల్లగా రుద్దుతూ చర్మం మొదలు లోపలి అవయవాల దాకా ఒక్కో పొరా కంటితో చూడాలి. ఆయన లెక్కలో ఎముకలు 300, కండరాలు 500. పళ్ళను, మృదులాస్థులను కూడా కలిపి లెక్కించాడు గనుక ఆ సంఖ్య పెద్దది. పెరిగిన మనిషిలో 206 ఎముకలని ఇవాళ చెబుతాం.

సుశ్రుతుడి పద్ధతి తర్వాత మరుగున పడింది. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా, ఆయన శిష్యులు శవాన్ని కోసినప్పుడు అది సంఘంలో పెద్ద సాహసంగా నిలిచింది. పదేళ్ళకు, 1846లో, హైదరాబాద్ మెడికల్ స్కూల్ మొదలైంది. రెసిడెన్సీ సర్జన్ విలియం క్యాంప్‌బెల్ మెక్లీన్ దాన్ని నడిపాడు. పాఠం ఉర్దూలో సాగేది. 1880లలో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ కాలంలో బోధన ఇంగ్లీషులోకి మారింది. 1885లో ఆడపిల్లలూ చేరారు. వాళ్ళలో రూపాబాయి ఫర్దూంజీ తర్వాత మత్తు ఇచ్చే వైద్యురాలిగా పేరు తెచ్చుకుంది.

లారీ కాలంలో ఉరఃకుహరం మీద ప్రపంచమంతా విన్న వాదం ఇక్కడే జరిగింది. మత్తుకు క్లోరోఫాం ఇచ్చినప్పుడు మనిషి చచ్చిపోతే, ముందు ఆగేది గుండెనా, ఊపిరా? ఊపిరే అన్నాడు లారీ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించగా 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. లండన్ లాన్సెట్ పత్రిక దాని ఫలితాన్ని ఒప్పుకోలేదు. దాంతో 1889లో లండన్ వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను ఇక్కడికి రప్పించి రెండో కమిషన్ నడిపారు. కుక్కలు, కోతులు మొదలుకొని దాదాపు 430 జంతువుల మీద పరీక్షలు చేసి, ఊపిరే ముందు ఆగుతుందని మళ్ళీ ప్రకటించారు. 1911లో గుడ్‌మన్ లెవీ పరిశోధన ఆ తీర్పును మార్చింది. మత్తు తక్కువగా ఉన్నప్పుడు కూడా క్లోరోఫాం గుండెను ఒక్కసారిగా అదుపు తప్పించగలదని ఆయన చూపించాడు. లారీ తేల్చింది నిలబడలేదు గానీ, మత్తులో ఉన్న మనిషి ఊపిరిని కళ్ళార్పకుండా కనిపెట్టాలన్న అలవాటు మాత్రం మంచిదే.

సికింద్రాబాద్ వైపు వస్తే, 1897 ఆగస్టు 20న బేగంపేటలో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపును చీల్చి, దాని గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలకు తన రక్తం తాగనిచ్చిన రోగి హుసేన్ ఖాన్. కుట్టిన దోమకు ఒక అణా లెక్కన రాస్ అతనికి ఇచ్చాడు. నోబెల్ బహుమతి రాస్‌ది. హుసేన్ ఖాన్ పేరు తెలిసిన డాక్టర్లు మన ఊళ్ళోనే తక్కువ. నా వ్యాసం అసలు విషయం ఇదే. వైద్యవిద్య ఎప్పుడూ బీదవాడి ఒంటి మీద నడిచింది, అతని పేరును మాత్రం నిలుపుకోలేదు.

మోండా నుంచి నడిచి వెళ్ళే దూరంలో ఉండిన కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆస్పత్రి మా కాలానికి గాంధీ ఆస్పత్రి. 1954లో మొదలైన గాంధీ మెడికల్ కాలేజీ అప్పుడు బషీర్‌బాగ్‌లో ఉండేది. 2003లో అంతా ముషీరాబాద్‌కు మారింది. 1970లలో నేను చేరినప్పుడు చేతిలో కన్నింగ్‌హామ్ డిసెక్షన్ పుస్తకం, ముక్కులో ఫార్మలిన్ ఘాటు, సీనియర్ల దగ్గర కొన్న సెకండ్‌హ్యాండ్ బోన్ సెట్. ఆ బొక్కలు ఎవరివో మేము అడగలేదు. ఆ రోజుల్లో కలకత్తా వ్యాపారులు మనుషుల ఎముకలను శుభ్రం చేసి ప్రపంచమంతటికీ అమ్మేవాళ్ళు. 1985లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది.

డిసెక్షన్ టేబుల్ మీదికి వచ్చే శవాల కథా అదే. ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు శవాలు అమ్ముకోవడానికి 1828లో 16 మందిని చంపారు. ఆ ఘోరం తర్వాత బ్రిటన్ 1832లో అనాటమీ చట్టం చేసింది. ఎవరూ అడగని శవం, అంటే బీదల ఆశ్రమాల్లో పోయినవాళ్ళ శవం, కాలేజీకి చెందుతుందన్నది దాని సారం. 1949 నాటి బొంబాయి చట్టంతో సహా మన దేశంలో వచ్చిన అనాటమీ చట్టాలు కూడా అదే దారి పట్టాయి. స్టేషన్ ముందు, మార్కెట్ ఫుట్‌పాత్ మీద, ఆస్పత్రి వరండాలో పోయి, నా అన్నవాళ్ళు రానివాళ్ళే మా గురువులయ్యారు.

వాళ్ళ బతుకు వాళ్ళ ఎముకల్లోనే ఉంటుంది. మోసే బరువును బట్టి ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లో సూత్రీకరించాడు. ఒకసారి మా టేబుల్ మీది దేహంలో మెడ వెన్నుపూసల అంచుల వెంట ఎముక ముళ్ళలా పెరిగి ఉంది. భుజం కండ దళసరిగా, గట్టిగా ఉంది. తెల్లవారకముందే మోండాలో ఉల్లిగడ్డ బస్తాలు తలకెత్తుకునే హమాలీలను చూస్తూ పెరిగినవాణ్ణి గనుక ఆ మెడ నాకు కొత్తగా అనిపించలేదు. విద్యార్థులతో ఒక్కటే అన్నాను: ఈయన బతికినంతకాలం ఊరి బరువు మోశాడు, ఇప్పుడు మీ చదువు బరువు మోస్తున్నాడు, కత్తి మర్యాదగా పట్టండి.

ఈ భారం బీదల మీదే ఉండటం న్యాయం కాదు. మార్పు మొదలైంది కూడా. 2024 సెప్టెంబరులో సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి దేహాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహం, 2025 ఆగస్టులో సీపీఐ నాయకుడు సురవరం సుధాకర్ రెడ్డి దేహం గాంధీ మెడికల్ కాలేజీకి చేరాయి. పెద్దవాళ్ళకే దొరికే గౌరవం కాదిది. ఎవరైనా మెడికల్ కాలేజీ అనాటమీ విభాగానికి వెళ్ళి, సాక్షుల సంతకాలతో అంగీకార పత్రం రాసివ్వవచ్చు. ముందుగా కళ్ళు దానం చేసినా దేహాన్ని తీసుకుంటారు. పోస్ట్‌మార్టం జరిగిన దేహాన్ని, కొన్ని అంటురోగాలున్న దేహాన్ని మాత్రం సాధారణంగా తీసుకోరు. రాసిచ్చిన కాగితం ఒక్కటే చాలదు, పోయిన తర్వాత అప్పగించాల్సింది కుటుంబమే. అందుకే ఈ మాట ఇంట్లో భార్యాబిడ్డల ముందు, బతికుండగానే చెప్పాలి. నేను చెప్పాను, సంతకమూ పెట్టాను. చదివిన మీరూ ఆలోచించండి. రేపు మీ మనవరాలికి ఆపరేషన్ చేసే డాక్టరు ఎవరో ఒకరి దేహం మీద నేర్చుకోవాల్సిందే. ఆ ఒకరు ఇష్టపడి ఇచ్చినవాళ్ళై ఉండాలి.