మడమ ఎత్తు, మగవారి సొగసు

ఉగాదికి మన ఇండ్లలో కొత్తబట్టలతో పాటు ఒక పాత తగవు కూడ బయటికి వస్తున్నది. చదువుకుంటున్న కుర్రవాడు చెవికి పోగు పెట్టి, జుట్టు పెంచి ముడి వేసి, ఎత్తుమడమల బూట్లు తొడిగి వచ్చి నిలబడతాడు. "ఆడపిల్లలాగా ఈ వేషమేమిటిరా? మన పూర్వులు ఇట్లాగే ఉండేవారా?" అని తాతగారు గద్దిస్తారు. తీర్పు చెప్పే అధికారము మాకు లేదు గాని, తాతగారు సాక్ష్యానికి పిలుస్తున్న ఆ పూర్వులను ఒక్కసారి విచారించి చూతమని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఆ సాక్షులు తాతగారి పక్షము పలుకుతారని మాకు నమ్మకము లేదు.

మాది అంకిస ప్రాంతము. మహారాష్ట్రములో గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. గోదావరికి ఆవలి ఒడ్డున కాళేశ్వరము. మా పెద్దలు ఊరు కదలకుండానే ఎన్నో ప్రభుత్వాలు చూశారు. 1860 వరకు నిజాము ఏలుబడి. ఆ యేడు ఇంగ్లీషువారి చేతికి వచ్చి సిరొంచ ముఖ్యస్థలముగా అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడినది. 1874లో ఆ జిల్లాను విడదీసి మమ్మల్ని చాందాలో కలిపారు. 1956లో బొంబాయి రాష్ట్రమన్నారు, 1960లో మహారాష్ట్రమన్నారు, 1982లో గడ్చిరోలి జిల్లా అన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండి. ఇట్లాంటి చోట పుట్టినవారికి ఏ హద్దునైనా చూడగానే "ఇది ఎప్పుడు గీశారు?" అని అడగడము అలవాటవుతుంది. ఆడవేషము, మగవేషము అనే హద్దును గురించి కూడ అదే ప్రశ్న అడుగుతున్నాము.

ముందు మడమ సంగతి. ఎత్తుమడమ ఆడవారి సొత్తని నేడు అందరూ అనుకుంటారు గాని, అది పుట్టినది మగవాని కాలికి, అదీ గుర్రము మీద. పారశీక రౌతు రికాబులో నిలబడి విల్లు ఎక్కుపెట్టేటప్పుడు పాదము ముందుకు జారిపోకుండ మడమ అడ్డుపడి పట్టి ఉంచేది. పనికోసము పుట్టిన వస్తువు అది, సొగసుకోసము కాదు. 1599లో పారశీక ప్రభువు షా అబ్బాసు యూరపు రాజుల వద్దకు రాయబారము పంపాడు. ఆ తరువాత అక్కడి దొరలకు ఈ మడమల మీద మోజు పుట్టినది. గుర్రము ఎక్కనివారు కూడ తొడిగారు. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ ఎర్రరంగు మడమలు తొడిగి తన కొలువులోని గొప్పవారికి దానిని గుర్తుగా చేశాడు. స్త్రీలు మగవారిని చూసి తొడగడము మొదలుపెట్టారు. పదునెనిమిదవ శతాబ్దము నడిమికి మగవారు దానిని విడిచిపెట్టారు. కొంతకాలానికి స్త్రీలూ విడిచి, పందొమ్మిదవ శతాబ్దములో మళ్ళీ అందుకున్నారు. అప్పటినుంచి అది "ఆడవారిది" అయినది. అమెరికా పశువులకాపరుల బూటుకు మాత్రము మడమ పోలేదు. వారు గుర్రము దిగలేదు గదా! 1970 తరువాత బెల్‌బాటములతో పాటు ఎత్తుబూట్లు మన తెలుగు సినిమా నాయకుల కాళ్ళకు వచ్చినప్పుడు, అది కొత్త వింత కాదు, మూడువందల యేండ్లనాటి పాత వింత.

మన దేశములో బూటుకు ఇంకా పాత చరిత్ర ఉన్నది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు, అనగా మూడవ శతాబ్దపు, ఒక స్తంభము మీద పొడుగు అంగీ, కాళ్ళకు బూట్లు, చేత బల్లెము గల ఒక శకభటుని బొమ్మ ఉన్నది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని రాణులలో రుద్రధరభట్టారిక ఉజ్జయిని మహారాజు కూతురని శాసనము చెప్పుతున్నది. ఆ రోజులలో ఉజ్జయిని శకుల ఏలుబడిలోనిది. కోడలితో పాటు కావలివాడూ, వానితో పాటు బూటూ వచ్చి ఉండవచ్చునని మా ఊహ. వచ్చినదే గాని మన మళ్ళలో నిలవలేదు. బురదలో నాటువేసేవానికి బూటెందుకు?

1520 ప్రాంతములో విజయనగరము చూచిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయలు బంగారు పూలు కుట్టిన తెల్లని వస్త్రాలు ధరించి, మెడలో వజ్రాల ఆభరణముతో, తలపై జరీ టోపీతో, వట్టి కాళ్ళతో ఉన్నాడని వ్రాశాడు. రాజు ఉన్నచోటికి ఎవరూ చెప్పులతో పోరాదట. మొనతేలిన జోళ్ళు, పట్టీల చెప్పులు ఉన్నా జనములో ఎక్కువమంది చెప్పులు లేకనే నడిచేవారట. పూలు, వజ్రాలు, జరీ: ఈ మూడూ నేడు ఏ మగవాని ఒంటి మీద ఉన్నా మనము ఏమంటామో చెప్పనక్కరలేదు.

పూలంటే జ్ఞాపకము వచ్చినది. మచిలీపట్నము తీరములో మనవారు అద్దిన పూలకలంకారీ బట్ట పదునేడవ శతాబ్దములో ఓడలెక్కి సీమకు పోయినది. అక్కడి పెద్దమనుష్యులు దానితో పొడుగు అంగీలు కుట్టించుకొని ఇంట్లో తీరికగా ఉన్నప్పుడు తొడిగేవారు. దానికి వారు పెట్టిన పేరు "బనియను"! నేడు మనము లోపల తొడిగే బనీనుకు ఆ మాటే చుట్టమైనది. లండనులో దినచర్య వ్రాసి పేరుపొందిన శామ్యూల్ పీప్స్ 1666లో తన చిత్రపటము వ్రాయించుకొనడానికి ఇండియా అంగీ అద్దెకు తెచ్చుకొన్నాడు. ఈ బట్టల దెబ్బకు తమ నేతగాండ్రు చెడిపోతున్నారని ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను, మళ్ళీ 1721లోను చట్టాలు చేసినవి. పూలబట్ట మగవానికి తగదని ఆ చట్టాలలో లేదు. పరదేశపు బట్ట తగదని మాత్రమే ఉన్నది.

ఇక నగలు. కాలికి అందె అనగానే మనకు ఆడపిల్ల తోస్తుంది. కాని గండపెండేరము మగవాని కాలి నగ. అల్లసాని పెద్దన కాలికి రాయలవారు స్వయముగా తొడిగారని మనము చిన్ననాడే విన్నాము. ఇరువదవ శతాబ్దములో కూడ సన్మానసభలలో పండితకవుల కాలికి దానిని తొడిగేవారు. లేపాక్షి గుడి పైకప్పున పదునారవ శతాబ్దపు చిత్రాలలో పొడుగు కుళ్ళాయిల పురుషులు చెవులకు నగలతోనే నిలబడి ఉన్నారు. అంత దూరమెందుకు? మన పల్లెలలో మగవారి చెవులకు పోగులు, అంటుజోళ్ళు, చేతికి మురుగు, నడుమున వెండి మొలత్రాడు, తలవెనుక జుట్టుముడి ఉండేవి. సిగ తీసి క్రాపు పెట్టించినవాడే ఆ రోజులలో భ్రష్టుడు! తాతగారి తాతగారి దృష్టిలో తాతగారి క్రాపే వేషము.

ఆడవారి వైపు చూచినా హద్దు నిలకడగా లేదు. గోచీ పోసి చీరె కట్టడము ఇటు తెలుగు మళ్ళలోను, అటు మరాఠీ చేలలోను ఉన్నదే. అది మగవాని పంచెకట్టుకు తోబుట్టువు. వంగి కలుపుతీసే మనిషికి, బరువు మోసే మనిషికి అందులో సౌకర్యము ఉన్నది. కాకతీయుల సింహాసనము మీద కూర్చున్న రుద్రమదేవిని శాసనాలు రుద్రదేవ మహారాజు అనే పురుషనామముతో పిలిచినవి. ఆమె పురుషవేషముతోనే రాజ్యము చేసిందని ప్రతీతి.

వేషము మాట వచ్చినది గనుక రంగస్థలము సంగతి కూడ చెప్పాలి. గురజాడవారి కన్యాశుల్కము 1892లో మొదట ఆడినది. అందులో కథంతా తిరిగేది శిష్యునికి ఆడవేషము వేసి ముసలి లుబ్ధావధాన్లకు పెండ్లి చేయడము మీద. స్థానం నరసింహారావుగారు (1902–1971) సత్యభామగా, చింతామణిగా, రోషనారగా మన నాటకశాలలను ఏలి 1956లో పద్మశ్రీ పొందారు. మరాఠీ రంగములో బాలగంధర్వ (1888–1967) చీరె కట్టిన తీరును, కొప్పులో పూలు తురిమిన తీరును చూచి పూనా, బొంబాయి గృహిణులు తమ ఇండ్లలో అట్లాగే కట్టారు, అట్లాగే తురిమారు. అనగా కులస్త్రీల నిత్యవేషానికి మగవాడు గురువైనాడు. ఇంత విచిత్రము జరిగినా ఏ ఇల్లూ కూలలేదు.

మాకు ప్రాణహిత అవతల ఆదిలాబాదు గోండులు దీపావళికి ముందు దండారి ఆడతారు. గుస్సాడీలు నెమలిపింఛాల కిరీటాలు పెట్టి, ఒళ్ళంతా బూడిద పూసి ఊరూరు తిరుగుతారు. వారితో పాటు చీరె కట్టి ఆడపిల్లల వేషము వేసిన యువకులు ఉంటారు. ఊరిపెద్దలు ఎదురేగి కాళ్ళు కడిగి ఆదరిస్తారు. ఆ గుస్సాడీ నాట్యాన్ని ఎందరికో నేర్పిన కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ వచ్చినది. 2024లో ఆయన కాలము చేశారు.

తిరుపతి గంగజాతరలోను మగవారు చీరె కట్టి, కాటుక పెట్టి, జడ వేసి మొక్కు తీర్చుకొంటారు. అక్కడ ఎగతాళి లేదు, భక్తి ఉన్నది.

ఇన్ని చెప్పి ఒక్కటి చెప్పకపోతే లోపము. కాలి తొడుగు విషయములో మన పూర్వులు నిజముగా గట్టి హద్దు గీశారు. అది ఆడ, మగ హద్దు కాదు. పెద్ద, చిన్న హద్దు. తెలంగాణములో వెట్టి సాగిన రోజులలో దొరగారి గడి ముందర రైతుకూలీలు చెప్పులు విడిచి చేత పట్టుకొని నడవవలసి వచ్చేది. తోలు పదునుచేసి, కిర్రుచెప్పులు కుట్టి ఇచ్చిన చేతులవారికే ఆ చెప్పు తొడిగి వీధిన నడిచే స్వేచ్ఛ లేదు. ఫ్రాన్సులో ఎర్రమడమ ఎవరికి తగునో రాజు చెప్పాడు. ఇక్కడ చెప్పే ఎవరికి తగునో దొర చెప్పాడు. పెద్దల ఎదుట చెప్పులతో నిలబడిన కోడలు కూడ మాట పడేది. 1946 నుంచి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటములో భూమి, వెట్టి అన్న మాటలతో పాటు ఈ అవమానము కూడ ఉన్నది. మనుమని బూటు మడమ ఎత్తు రెండంగుళాలా, మూడంగుళాలా అని కొలిచేముందు, మన ముత్తాతలలో చెప్పులు చేతబట్టి నడిచినవారెవరో, వారిని అట్లా నడిపించినవారెవరో ప్రతి ఇంట అడిగి తెలుసుకొనడము మంచిదని మాకు తోస్తున్నది. రెండు రకాలవారి సంతతీ ఈ సంఘములో పక్కపక్కనే కూర్చుని పచ్చడి తింటున్నది.

చివరకు ఒక మనవి. అంటుజోళ్ళు, బావిలీలు, మురుగులు, కిర్రుచెప్పులు అన్న మాటలు మన పిల్లలకు తెలియవు. తెలిసిన ముసలివారు యేటేటా తగ్గిపోతున్నారు. ఇంట్లో పాత ఫోటో ఉంటే మూలన పెట్టకండి. దాని వెనుక ఆ మనిషి పేరు, ఊరు, చెవినున్న నగ పేరు, కాలినున్న చెప్పు పేరు పెన్సిలుతో వ్రాసి ఉంచండి. కాళ్ళకు ఏమీ లేకపోతే అదీ వ్రాయండి.