పత్తికొండ దాటని దొర

1827 జూలై 6 రాత్రి పత్తికొండలో మన్రో దొర కన్నుమూశాడు. ఆయన కథ ఎక్కడ మొదలుపెట్టినా చేరేది ఆ రాత్రికే.

పద్దెనిమిదేళ్ల వయసులో కంపెనీ పటాలంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. హైదరాలీ మీద జరిగిన యుద్ధంలో పోరాడాడు. 1800లో నిజాం వదులుకున్న దత్తమండలాలకు కలెక్టరయ్యాడు. ఏడేళ్లు డేరాల్లో తిరుగుతూ, పొలాలు కొలిపించి శిస్తు నిర్ణయించాడు. పాళెగాళ్లను అణచిందీ ఆయనే. అది మరిచి దుఃఖించమని నేననను.

1807లో వెళ్లిపోతూ, శిస్తులో నాలుగో వంతు తగ్గించండని రాశాడు. మద్రాసు వినలేదు. ఊళ్లను గుత్తకిచ్చారు, రైతులు చితికిపోయారు. 1820లో ఆయనే గవర్నరుగా తిరిగొచ్చాక గాని ఆ తగ్గింపు రాలేదు. ఈలోపు ఎన్ని ఇళ్ల ముందు కాడెద్దులు చేతులు మారాయో!

ఇల్లు చేరే వేళ ఆయనకూ వచ్చింది, వచ్చి జారిపోయింది. పదవి దిగుదామనుకుంటే బర్మా యుద్ధం అడ్డుపడింది. 1826లో యుద్ధం ముగిసింది. భార్య జేన్ చిన్నకొడుకుతో ఓడెక్కింది. ఆ ఓడలోనే తానూ వెళ్లి ఉంటే! కొత్త గవర్నరు వచ్చేదాకా ఉండాలని ఆగిపోయాడు. ఆగినవాడు ఊరికే ఉండలేక, తన సీమను చివరిసారి చూసిపోదామని బయల్దేరాడు.

తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడారని ఎమ్మిగనూరు వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. గండి అనే చోట రెండు కొండల నడుమ బంగారు తోరణం కూడా కనిపించిందట. చావు దగ్గరపడ్డవాళ్ల కళ్లకే అది ఆనుతుందట. కట్టుకథే కావచ్చు. కానీ ఆ తోరణం చూసిన మనిషిని వెనక్కి పిలవాలని వినే ప్రతిసారీ అనిపిస్తుంది.

వెనక్కి తిరగలేదు. గుత్తి చేరేసరికి పరివారంలో కలరా పొడచూపింది. అయినా పత్తికొండకు కదిలారు. ఆ పొద్దున కూడా కాగితాలు చూస్తూ, కలెక్టర్లతో పని మాట్లాడుతూనే ఉన్నాడు. చీకటి పడ్డాక కొంతసేపటికి ప్రాణం పోయింది. వయసు అరవై ఆరు.

గుత్తిలో పూడ్చారు, 1831లో మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేర తోపు వేసి, బావి తవ్వించారు. జనం బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

ఎవరి కోసం ఆగాడో ఆ కొత్త గవర్నరు లషింగ్టన్ మద్రాసుకు వచ్చింది అదే ఏడాది అక్టోబరులో.