కిరణ్ జెట్ విమాన ప్రమాదములు (హైదరాబాదు పరిసరములు)

దక్కను పీఠభూమిపై, హైదరాబాదు చెంతనున్న హకీంపేట, దుండిగల్ స్థావరములు చిరకాలముగా భారత వాయుసేనకు శిక్షణకేంద్రములై యున్నవి. అచ్చట పలు తరముల వైమానికులు అభ్యసించిన కిరణ్ జెట్ విమానము, హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థలో వి. ఎం. ఘాటగే నేతృత్వమున రూపొంది, 1964 సెప్టెంబరులో తొలిసారి గగనమున కెగసినది. గురుశిష్యు లిరువురును ఇందు పక్కపక్కనే కూర్చుందురు.

ఈ విమాన ప్రమాదములలో మిక్కిలి విషాదకరమైనది 2010 మార్చి 3న సంభవించినది. అంతకు రెండేండ్ల ముందే పౌరసేవలు శంషాబాదునకు తరలిపోయిన బేగంపేట విమానాశ్రయమున వైమానిక ప్రదర్శన ప్రారంభమైన నాడే, నౌకాదళపు సాగర్ పవన్ బృందమునకు చెందిన కిరణ్ ఒకటి, విన్యాసమధ్యమున కిందికి దూకి మరల పైకి లేవజాలక, న్యూబోయినపల్లిలోని నివాసభవనముపై కూలెను. కమాండర్ సురేశ్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ అసువులు బాసిరి. నేలమీద గాయపడినవారి సంఖ్య విషయమున కథనములు ఏకీభవింపవు. వైమానికులు చివరిక్షణమున వెలికిదూకుటకు యత్నించిరని కొందరును, జనావాసములను తప్పింపగోరి విమానమును వీడలేదని కొందరును చెప్పిరి. రెండవ కథనము హృదయమునకు దగ్గరైనదే యైనను, మిగిలిన ఎత్తు అత్యల్పమగుటచే ఎట్టి నిర్ణయమునకును వ్యవధి లేకపోయెననుటయే యుక్తమని తోచును.

ఆపదలో వైమానికుని విమానమునుండి వెలికి చిమ్ము ఎజెక్షన్ సీటు పనితీరు నెరిగినవారి కిది సుబోధకము. పిడి లాగినంతనే తూటామందు పేలుడు సీటును పైకి చిమ్మును. చిన్న పారాచ్యూట్ దానిని నిలకడపరచును. పిదప వైమానికుడు సీటునుండి విడివడగా పెద్ద పారాచ్యూట్ విచ్చుకొనును. ఇదంతయు కొద్ది సెకండ్ల పనియే. కాని విమానము నేలవైపు దూసుకొనిపోవుచున్నపుడు ఆ దిగువేగము సీటు పైకెగయు వేగమును హరించును గనుక, సమతలముగా ఎగురుచున్నపుడు చాలిన ఎత్తు అప్పుడు చాలదు.

ఎత్తు మిగిలినచోట ఫలితము వేరు. 2017 సెప్టెంబరు 28న హకీంపేటనుండి బయలుదేరిన కిరణ్ కీసర సమీపమున అంకిరెడ్డిపల్లికడ కూలగా, అందున్న శిక్షణార్థి సురక్షితముగా వెలికిదూకెను. మరుసటి యేడు నవంబరులో యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలిన శిక్షణవిమానమునుండియు వైమానికుడు ప్రాణములతో బయటపడెను.

బోయినపల్లి ప్రమాదానంతరము సాగర్ పవన్ బృందపు ప్రదర్శనలు నిలిచిపోయినవి.