సైకో ఆంకాలజీ: క్యాన్సర్ రోగుల మానసిక సంరక్షణ చరిత్ర

క్యాన్సర్ రోగుల మానసిక స్థితిని పరిశీలించి, వారికీ వారి కుటుంబానికీ తగిన సాయం అందించే వైద్య విభాగం సైకో ఆంకాలజీ. జబ్బు మనసును ఏం చేస్తుందన్నది ఇందులో మొదటి ప్రశ్న. మనసు, అలవాట్లు, ప్రవర్తన జబ్బు మీద ఎలాంటి ప్రభావం చూపుతాయన్నది రెండోది. మొదటిదానికి గట్టి జవాబులే దొరికాయి. రెండోది చాలాకాలం వివాదాల్లో నలిగింది.

1970లకు ముందు ఈ విభాగం రూపుదాల్చకపోవడానికి ముఖ్య కారణం, జబ్బు పేరు రోగికి చెప్పే ఆనవాయితీ లేకపోవడం. 1961లో డోనాల్డ్ ఓకెన్ అనే వైద్యుడు షికాగోలోని ఒక ఆస్పత్రి వైద్యులను అడిగితే, సుమారు 90 శాతం మంది క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. చెబితే బతుకు మీద ఆశ వదులుకుంటారని వారి భయం. తన జబ్బేమిటో తెలియని మనిషితో ఆ జబ్బు తెచ్చే దిగులు గురించి మాట్లాడటం ఎంతటి మానసిక వైద్యుడికైనా కుదరని పని. 1979లో అదే తరహా సర్వే మళ్లీ జరిగేసరికి లెక్క తలకిందులైంది: 97 శాతం మంది చెబుతామన్నారు. ఈ రెండు సర్వేల మధ్యకాలంలో పిల్లల ల్యుకేమియా, హాడ్జ్‌కిన్స్ వ్యాధి వంటి క్యాన్సర్లు నయం కావడం మొదలైంది. రోగికి అన్నీ వివరించి సమ్మతి తీసుకోవాలన్న నియమం బలపడింది. 1974లో అమెరికా అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ తన రొమ్ము క్యాన్సర్ సంగతి దాచకుండా వెల్లడించడంతో ఆ పేరు పైకి అనడానికి జంకు తగ్గింది.

1970లకు ముందు ప్రయత్నాలు అసలే లేకపోలేదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ ఆస్పత్రిలో ఆర్థర్ సదర్లాండ్ బృందం 1950ల ఆరంభంలోనే రొమ్ము తొలగించిన స్త్రీలను, కొలోస్టమీ జరిగి పొట్టకు సంచితో బతకవలసి వచ్చినవారిని పరిశీలించింది. 1952లో టెరీస్ లాసర్ అనే మహిళ, తనకు రొమ్ము శస్త్రచికిత్స జరిగాక, అదే ఆపరేషన్ అయినవారిని వెళ్లి పలకరించడం మొదలుపెట్టింది. రీచ్ టు రికవరీగా పేరొందిన ఆ కార్యక్రమాన్ని 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ చేపట్టింది. లండన్‌లో సిసిలీ సాండర్స్ 1967లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్‌ను ప్రారంభించి, నొప్పి ఒంటికే పరిమితం కాదనీ, మనసు, కుటుంబం, విశ్వాసం కూడా అందులో భాగమేననీ వాదించింది. మరణం ముంగిట మనిషి అయిదు దశలు దాటుతాడన్న ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ పుస్తకం 1969లో వెలువడింది. రోగులతో నేరుగా మాట్లాడాలన్న ఆమె పట్టుదల నిలిచింది గానీ, దశలు ఆ వరుసలోనే వస్తాయన్న మాట పరిశోధనలో నిలబడలేదు.

విభాగానికి పునాది వేసింది జిమ్మీ హాలండ్ (1928-2017). ఆమె భర్త జేమ్స్ హాలండ్ ల్యుకేమియా కీమోథెరపీలో పేరున్న వైద్యుడు. కొత్త మందులు కణితిని ఏం చేస్తున్నాయో కొలిచేవారే తప్ప, రోగికి ఎలా ఉందని అడిగేవారు లేరన్నది ఆమె అభ్యంతరం. 1977లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో ఆమె నాయకత్వాన పూర్తికాలపు మానసిక వైద్య విభాగం ఏర్పడింది. 1984లో అంతర్జాతీయ సైకో ఆంకాలజీ సొసైటీ, 1989లో తొలి సమగ్ర పాఠ్యగ్రంథం, 1992లో ప్రత్యేక పత్రిక వచ్చాయి.

ఎంతమందికి సాయం కావాలో తేల్చడం అంత తేలిక కాదు. నిద్ర పట్టకపోవడం, ఆకలి చావడం, నీరసం డిప్రెషన్ లక్షణాలే. కీమో వల్లా అవే వస్తాయి. 1983లో జిగ్మండ్, స్నెయిత్ రూపొందించిన 14 ప్రశ్నల కొలమానం ఒంటి బాధలను పక్కనపెట్టి మనసు సంగతే అడిగింది. అదే ఏడాది డెరోగాటిస్ బృందం మూడు కేంద్రాల్లో 215 మందిని పరీక్షించి, 47 శాతం మందిలో మానసిక సమస్య ఉందని నిర్ధారించింది. అందులో ఎక్కువ భాగం తీవ్రమైన మానసిక రోగం కాదు, వచ్చిపడిన ఆపదకు సర్దుకోలేకపోవడం.

మనసు జబ్బు మీద ప్రభావం చూపుతుందా అన్న రెండో ప్రశ్న దగ్గరే ఈ విభాగం దారి తప్పింది. ఫలానా స్వభావం ఉన్నవారికే క్యాన్సర్ వస్తుందన్న ఊహను రచయిత్రి సూసన్ సోంటాగ్ 1978లో తీవ్రంగా ఖండించింది. అయినా 1979లో స్టీవెన్ గ్రీర్ బృందం, పోరాట పటిమ ఉన్న రోగులు ఎక్కువకాలం బతుకుతున్నారని ప్రకటించింది. 1989లో డేవిడ్ స్పీగెల్ 86 మంది స్త్రీలపై చేసిన అధ్యయనం సంచలనమైంది: వారం వారం బృందంగా కూర్చుని మాట్లాడుకున్నవారు సగటున 36.6 నెలలు బతికితే, మిగిలినవారు 18.9 నెలలే బతికారు. తర్వాతి పరీక్షల్లో ఈ రెండూ నిలవలేదు. 1999లో 578 మంది స్త్రీలను పరిశీలిస్తే పోరాట పటిమకూ ఆయుష్షుకూ సంబంధం కనబడలేదు. 2001లో కెనడాలో 235 మందిపై జరిగిన అధ్యయనంలో బృంద చికిత్స ఆయుష్షు పెంచలేదు; దిగులు, నొప్పి మాత్రం తగ్గాయి. ధైర్యంగా ఉంటే జబ్బు అదే పోతుందని పరామర్శకు వచ్చినవారు చెప్పే మాటకు శాస్త్రం దన్ను లేదు. పైగా జబ్బు ముదిరితే తప్పంతా తనదేనన్న భారం రోగి మీద పడుతుంది.

దాంతో బాధ తగ్గించడమే లక్ష్యంగా స్థిరపడింది. మానసిక వైద్యుడి దగ్గరికి పంపితే పిచ్చి అనుకుంటారని రోగులు వెనకాడతారు. అందుకే నొప్పిని అడిగినట్టే మనసు బాధను 0 నుంచి 10 వరకు అంకెలో చెప్పమనే డిస్ట్రెస్ థర్మామీటర్ 1990ల చివర వాడుకలోకి వచ్చింది. సాధారణంగా 4 లేదా అంతకు మించి చెబితే నిపుణులు కలుస్తారు. డబ్బు, ప్రయాణం, పిల్లల ఆలనాపాలనా కూడా దాని జాబితాలో ఉన్నాయి. చికిత్సల్లో కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ ఆలోచనల ఆధారంగా విలియం బ్రైట్‌బార్ట్ రూపొందించిన, జీవితానికి అర్థం వెతుక్కునే పద్ధతి, చివరి రోజుల్లో ఉన్నవారి జీవిత కథను రాసి ఇంటివారికి అందించే హార్వే చోచినోవ్ డిగ్నిటీ థెరపీ ముఖ్యమైనవి.

భారతదేశంలో జబ్బు సంగతి తొలుత తెలిసేది తరచుగా కుటుంబానికి. "ఆయనకు చెప్పకండి డాక్టరుగారూ" అని కొడుకో కూతురో బతిమాలడం ఇక్కడి క్యాన్సర్ వార్డుల్లో మామూలే. చాలాసార్లు రోగి అప్పటికే గ్రహించి, ఇంటివాళ్ల కోసం తెలియనట్టు నటిస్తుంటాడు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో సంతోష్ చతుర్వేది వంటివారు ఈ దాపరికాన్ని, వైద్యులకు సంభాషణలో శిక్షణను అధ్యయనాంశాలు చేశారు. ముంబయిలో 1994లో వి కేర్, ఢిల్లీలో 1996లో క్యాన్‌సపోర్ట్ అనే రోగుల సహాయ సంస్థలు మొదలయ్యాయి. రెండింటినీ స్థాపించినవారు క్యాన్సర్‌ను జయించినవారే. హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే సంరక్షణ) 2000ల దశకంలో ఊపందుకుంది. 2011లో అదే నగరంలో మొదలైన స్పర్శ్ హాస్పైస్ పడకలతో పాటు ఇళ్లకు వెళ్లి చూసే బృందాలనూ నడుపుతోంది.