రసీదులో లేని సరుకు

టేప్ రికార్డరూ, అందులో పెట్టే క్యాసెట్టూ ఒకే వస్తువా, రెండు వస్తువులా? చిన్నపిల్లవాణ్ణి అడిగినా రెండని చెబుతాడు. 1990లలో మన సుప్రీంకోర్టు కూడా ఈ పోలికే తెచ్చింది. పీఎస్ఐ డేటా సిస్టమ్స్ అనే కంప్యూటర్ల కంపెనీకీ సెంట్రల్ ఎక్సైజు శాఖకీ తగాదా అది. కంప్యూటరుతో పాటు అమ్మిన డిస్కులూ ఫ్లాపీల మీది సాఫ్ట్‌వేరు ధరని కూడా కలుపుకుని సుంకం కట్టాలని శాఖ వాదన. క్యాసెట్టు పెట్టకపోతే టేప్ రికార్డరు పలకదు నిజమే, అంతమాత్రాన క్యాసెట్టు టేప్ రికార్డరులో భాగమైపోదు, కనక సాఫ్ట్‌వేరు వేరు, కంప్యూటరు వేరు అని కోర్టు తేల్చింది.

బాగుంది. మరి ఆ సాఫ్ట్‌వేరుని విడిగా డిస్కులో ఇవ్వకుండా ఫ్యాక్టరీలోనే కంప్యూటరు కడుపులోకి ఎక్కించి అమ్మితే? ఈ ప్రశ్న ఏసర్ ఇండియా కేసులో వచ్చింది. పాండిచ్చేరి ఎక్సైజు కమిషనరు ఒకవైపు, ఏసర్ ఇంకోవైపు. లోపల ఎక్కించినంత మాత్రాన సాఫ్ట్‌వేరు ధర కంప్యూటరు ధరలో కలవదని 2004 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన చెప్పింది. ఆ తర్వాత నెలన్నర తిరక్కుండానే, నవంబరులో, మన ఆంధ్రప్రదేశ్ అమ్మకం పన్ను చట్టం మీద టాటా కన్సల్టెన్సీ వేసిన కేసులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. డబ్బాలో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేరు అచ్చమైన సరుకే, అమ్మకం పన్ను కట్టాల్సిందే అని. అంటే 2004 చివరికి లెక్క ఇలా తేలింది: సాఫ్ట్‌వేరు సరుకే, కానీ కంప్యూటరులో భాగం కాని సరుకు.

మూడేళ్లు తిరిగేసరికి ఇంకో మలుపు. హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ విదేశాల నించి దిగుమతి చేసుకున్న ల్యాప్‌టాపుల్లో ఆపరేటింగ్ సిస్టం ముందే ఎక్కించి ఉంది. దాని ధరని విడదీసి, సాఫ్ట్‌వేరుకి ఉండే మినహాయింపు ఇమ్మని కంపెనీ అడిగింది. 2007లో సుప్రీంకోర్టు కాదంది. ఆపరేటింగ్ సిస్టం లేని ల్యాప్‌టాప్ పని చెయ్యదు, అది దానిలో అంతర్భాగం, మొత్తానికీ ఒకే వస్తువుగా విలువ కట్టాలి అంది.

ఈ తీర్పులు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయని నేననడం లేదు. ఎక్సైజు చట్టం వేరు, కస్టమ్స్ చట్టం వేరు. నాకు ఆసక్తి కలిగించేది తీర్పులు కాదు, వాదనలు. సుంకం కట్టే చోట తయారీదారులు ఏం చెప్పారో చూడండి: "అయ్యా, ఇవి రెండు వేర్వేరు సరుకులు, దీని ధర ఇంత, దాని ధర ఇంత." అక్కడ విడదీసి చూపించడానికి ఏ ఇబ్బందీ లేదు. అదే నెహ్రూ ప్లేసులో షోరూం కౌంటరు ముందు నిలబడి "నాకు ఈ విండోస్ వద్దు, దాని ధర తగ్గించి మిషను ఇవ్వండి" అని అడగండి. "వహ్ తో సాథ్ మే ఆతా హై జీ" అంటాడు. కలిపే వస్తుంది. ధర ఎంతో అతనికీ తెలియదు, రసీదులోనూ ఉండదు. కొన్నవాడు కట్టాడు, అమ్మినవాడు తీసుకున్నాడు, ఎంత అన్నది మాత్రం ఎక్కడా రాసి లేదు. జీవితమంతా బిల్లులు తనిఖీ చేసినవాడికి ఇంతకన్నా చిరాకు పుట్టించే విషయం ఇంకోటి ఉండదు.

మొదటి నించీ ఇలాగే ఉందా అంటే, లేదు. 1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరుని బయటపెట్టినప్పుడు దానికి ఒకటి కాదు, మూడు ఆపరేటింగ్ సిస్టంలు ప్రకటించింది. ఏది కావాలంటే అది విడిగా కొనుక్కోవాలి. పీసీ డాస్ 40 డాలర్లు, తర్వాత కొన్నాళ్లకి వచ్చిన సీపీఎం-86 ఏకంగా 240 డాలర్లు, ఇంకోటి పీ-సిస్టం. జనం 40 డాలర్లది కొన్నారు. ఇందులో మోసం ఏమీ లేదు, ధర కనబడుతోంది, కొనేవాడు ఎంచుకున్నాడు. మైక్రోసాఫ్ట్ మొదటి విజయం న్యాయమైన బేరంలో వచ్చిందే అని ఒప్పుకోవాలి. తిట్టేవాళ్లు ఈ ముక్క మర్చిపోతూ ఉంటారు.

కిటుకంతా ఆ తర్వాత వచ్చింది. దాని పేరు ప్రాసెసరు లెక్కన లైసెన్సు. కంప్యూటరు తయారు చేసే కంపెనీ ఫలానా ప్రాసెసరుతో ఎన్ని మిషన్లు అమ్మితే అన్నింటికీ మైక్రోసాఫ్ట్‌కి రాయల్టీ కట్టాలి, అందులో డాస్ ఎక్కించినా ఎక్కించకపోయినా సరే. మన పల్నాడు వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. పుల్లరి! పశువు అడవిలో గడ్డి ఎంత మేసిందని కాదు, తలకింత కట్టాల్సిందే. కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణం పోగొట్టుకున్నది ఆ పన్నుని ఎదిరించే. ఇలాంటి ఒప్పందం ఉన్నాక వేరే ఆపరేటింగ్ సిస్టం పెట్టే కంపెనీ రెండుసార్లు డబ్బు కట్టాలి: పెట్టినదానికి ఒకసారి, పెట్టనిదానికి ఒకసారి. ఎవడు పెడతాడు? 1994 జూలైలో అమెరికా న్యాయశాఖతో కుదిరిన రాజీలో మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతి మానుకుంటానని ఒప్పుకుంది. కానీ అప్పటికి పంట ఇంటికి చేరిపోయింది.

1998 మే నెలలో మొదలైన పెద్ద కేసు సంగతి అందరికీ తెలుసు, దాన్ని ఇక్కడ సాగదీయను. జడ్జి జాక్సన్ 2000లో కంపెనీని రెండు ముక్కలు చెయ్యమనడం, 2001లో పై కోర్టు ఆ ఆజ్ఞని కొట్టెయ్యడం, చివరికి రాజీ. అందులో గమనించాల్సింది ఒక్కటే. బ్రౌజరు విండోస్‌లో విడదీయరాని భాగం అని మైక్రోసాఫ్ట్ వాదించింది. పాండిచ్చేరి కేసులో "విడదీయవచ్చు" అంటే లాభం, వాషింగ్టన్ కేసులో "విడదీయరాదు" అంటే లాభం. కంపెనీలు వేరైనా తర్కం మాత్రం ఒకటే, లాభం ఎటుంటే అటు.

ఇక మన ఢిల్లీ. 1976లో ఇక్కడే పుట్టిన హెచ్‌సీఎల్ తర్వాత నోయిడాలో స్థిరపడింది. 1984లో వచ్చిన కొత్త కంప్యూటరు విధానంతో దిగుమతులు సులువయ్యాక, విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మే చిన్న వ్యాపారులు నెహ్రూ ప్లేసు నిండా మొలిచారు. తొంభైలలో ఢిల్లీలో మధ్యతరగతి ఇంటికి కంప్యూటరు వచ్చిందంటే చాలామటుకు అలా బిగించినదే. బోర్డు ఇంత, ర్యామ్ ఇంత, మానిటరు ఇంత అని చీటీ మీద రాసి కూడేవాడు. చీటీలో విండోస్ ఉండేది కాదు. అడిగితే నవ్వేవాడు. "డాల్ దియా హై" అనేవాడు, మౌస్ ప్యాడు ఉచితంగా ఇచ్చినట్టు. దుకాణం గుమ్మానికి నిమ్మకాయా పచ్చిమిరపకాయల దండ, లోపల దొంగ సీడీ. దిష్టి తగలకుండా మొదటిది, పోలీసులు తగలకుండా ఏమీ లేదు.

చట్టం లేక కాదు. 1994లో సవరించి 1995 మేలో అమల్లోకి తెచ్చిన కాపీరైటు చట్టం ప్రకారం, తెలిసి దొంగ సాఫ్ట్‌వేరు వాడినవాడికి ఏడు రోజుల నించి మూడేళ్ల దాకా జైలు, 50,000 నించి 2 లక్షల దాకా జరిమానా. హార్డ్ డిస్కులో దొంగ విండోస్ ఎక్కించి అమ్మిన ఒక కంపెనీ మీద ఢిల్లీ హైకోర్టు 2005లో 19.75 లక్షల నష్టపరిహారం వేసింది. అమెరికా ప్రభుత్వం నకిలీ సరుకు బజార్ల జాబితాలో నెహ్రూ ప్లేసు పేరు ఎక్కించింది.

కానీ దీనివల్ల నిజంగా నష్టపోయింది ఎవరు? మైక్రోసాఫ్టే అని పైకి కనిపిస్తుంది. కొంచెం ఆగి ఆలోచించండి. లినక్స్‌కి ఉన్న పెద్ద బలం ఉచితం కావడం. పక్కనే విండోస్ కూడా ఉచితంగా దొరుకుతుంటే ఆ బలం సున్నా. చైనా వాళ్లు ఎలాగూ దొంగిలిస్తారు కనక మాదే దొంగిలిస్తే మేలు, అలవాటు పడతారు, తర్వాత వసూలు చేసుకునే దారి చూస్తాం అన్న అర్థం వచ్చేలా బిల్ గేట్స్ 1998లో ఒక విశ్వవిద్యాలయ సభలో బాహాటంగానే అన్నాడు. చైనాకి చెప్పింది నెహ్రూ ప్లేసుకీ వర్తిస్తుంది. పదేళ్లలో ఒక తరం గుమాస్తాలు, విద్యార్థులు, డీటీపీ వాళ్లు ఒకే తెరకి అలవాటుపడ్డారు. ఆ తర్వాత ఆఫీసులు టెండరు పిలిస్తే "మా వాళ్లకి అదే వచ్చు" అనే కారణం సిద్ధంగా ఉంది.

హేతువాద మిత్రులకి ఇక్కడ ఒక పోలిక నాలిక చివరికి వస్తుంది: పుట్టగానే మతం ఎక్కించినట్టే కదా అని. నాకూ వచ్చింది. కానీ ఈ పోలిక ఎంతో దూరం నడవదు. మతం మార్చుకుంటే చుట్టాలు వెలివేస్తారు. ఆపరేటింగ్ సిస్టం మార్చుకుంటే ఎవరూ పట్టించుకోరు, ప్రింటరు ఒక్కటి మొరాయిస్తుంది. పోలికలు వాదనకి బదులు కావు.

ప్రయత్నాలు జరగలేదా? జరిగాయి. 2005లో హెచ్‌సీఎల్ 9,990 రూపాయలకే లినక్స్‌తో కంప్యూటరు తెచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ హిందీలో ఎక్స్‌పీ స్టార్టర్ అనే చవక రకం దించింది. ఒకేసారి మూడు ప్రోగ్రాములు మించి తెరవనివ్వదు! బీదవాడు నాలుగో పని చెయ్యకూడదన్నమాట. మన హైదరాబాదులో స్వేచ్ఛ బృందం తెలుగు లినక్స్ చేసింది. సీడాక్ వాళ్లు 2007లో బాస్ అనే భారతీయ లినక్స్ విడుదల చేశారు. 2012లో ఉబుంటు వేసిన డెల్ కంప్యూటర్లు దేశంలో 850 దుకాణాల్లో పెడతామన్నారు. ఫ్రీడాస్ అనే ఉత్త డాస్‌తో ల్యాప్‌టాపులు కొన్ని వేలు తక్కువకి వచ్చేవి. వాటిని కొన్నవాళ్లలో చాలామంది చేసిన మొదటి పని పక్క దుకాణానికి వెళ్లి దొంగ విండోస్ వేయించుకోవడం.

తెలుగువాడికి ఈ ఎంపికలో ఇంకో చిక్కు ఉంది. విండోస్‌లో తెలుగు లిపి సొంతంగా కనిపించడం 2001లో వచ్చిన ఎక్స్‌పీతోనే మొదలు, గౌతమి అనే ఖతితో. అదీ తిన్నగా కాదు. కంట్రోల్ ప్యానెల్లోకి పోయి సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెడితే ఎక్స్‌పీ సీడీ పెట్టమని అడిగేది. ముందే ఎక్కించిన మిషన్లకి చాలాసార్లు ఆ సీడీ ఇచ్చేవారు కాదు. డబ్బు కట్టి కొన్నవాడి దగ్గర సీడీ లేదు, దొంగ కాపీవాడి దగ్గర ఉంది. ఢిల్లీలో తెలుగు బ్లాగులు చదవాలనుకున్నవాళ్లు ఆ రోజుల్లో సీడీ కోసం ఎక్కే గుమ్మం దిగే గుమ్మం.

చట్టం సంగతి చూద్దాం. ఒక సరుకు కావాలంటే ఇంకోటి కూడా కొనాల్సిందే అనడం మన దేశంలో కొత్త నేరం కాదు. 1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టంలోనే ఉంది. గ్యాసు కనెక్షను కావాలంటే స్టవ్వు కూడా మా దగ్గరే కొనాలని డీలర్లు పీడించిన రోజులు నా వయసువాళ్లకి బాగా గుర్తు. దాన్ని ముడిపెట్టిన అమ్మకం అన్నారు. 2002 నాటి పోటీ చట్టంలోనూ ఆ మాట ఉంది, ఆ సెక్షన్లు 2009 మేలో అమల్లోకి వచ్చాయి. మరుసటి ఏడాదే ఢిల్లీ న్యాయవాద సంస్థ ఒకటి మైక్రోసాఫ్ట్ మీద పోటీ కమిషనుకి వెళ్లింది. ఒకే సాఫ్ట్‌వేరుకి కంప్యూటరుతో వస్తే ఒక ధర, విడిగా లైసెన్సు తీసుకుంటే ఇంకో ధర ఏమిటని. 2011లో కమిషను ఆ ఫిర్యాదుని కొట్టేసింది. ముందే ఎక్కించడం అనే మాట మీద కమిషను గట్టిగా దెబ్బ కొట్టింది ఫోన్ల విషయంలో, 2022 అక్టోబరులో, గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానాతో. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలు జరిమానా ఉంచింది గాని, ముందే ఎక్కించిన యాప్‌లని తీసేసుకోనివ్వాలన్న ఆదేశాన్ని మాత్రం రద్దు చేసింది. కంప్యూటర్ల వంతు రాలేదు.

యూరపులో వచ్చింది, నిరాశగానే. 2008లో సోనీ ల్యాప్‌టాప్ కొన్న ఒక ఫ్రెంచివాడు విండోస్ వద్దు, డబ్బు తిరిగిమ్మన్నాడు. 2016లో యూరోపియన్ న్యాయస్థానం సాఫ్ట్‌వేరు కలిపి అమ్మడం దానంతటది అన్యాయం కాదంది, ఒక్కొక్కదాని ధర చెప్పకపోవడం తప్పుదోవ పట్టించడం కాదని కూడా అంది. మొదటి మాట ఒప్పుకోగలను. నూటికి తొంభై మందికి తెరవగానే పనిచేసే మిషనే కావాలి, అది తప్పేమీ కాదు. రెండో మాట మాత్రం మింగుడుపడదు. ధర తెలియకపోతే వద్దనడానికి ఆధారం ఏమిటి? మందుల డబ్బా మీద ధర ముద్రించాలి, సబ్బు మీద ముద్రించాలి, దీని మీద అక్కర్లేదా? ఇటలీలో అత్యున్నత కోర్టు 2014లో వద్దన్న కొనుగోలుదారుకి విండోస్ డబ్బు తిరిగి ఇమ్మంది. కనక విడదీసి లెక్కకట్టడం అసాధ్యం కాదు.

మా వృత్తి కూడా ఇందులో పాపం మూటకట్టుకుంది. మన చార్టర్డ్ అకౌంటెంట్ల 26వ ప్రమాణం ప్రకారం, విడిగా కొన్న సాఫ్ట్‌వేరు కనబడని ఆస్తి. ఆపరేటింగ్ సిస్టం మాత్రం యంత్రంలో అంతర్భాగం, స్థిరాస్తిలోనే కలిపి రాయాలి. లెక్కలవాడికి సౌకర్యమే. ప్రభుత్వ కొనుగోళ్లకి జనరల్ ఫైనాన్షియల్ రూల్సు ఉన్నాయి, అక్కర్లేని హంగులు లేకుండా అవసరం మేరకే వివరాలు రాయాలని. ఆ రూలు కిందే "లైసెన్సుతో విండోస్ ఎక్కించి ఉండాలి" అని టెండర్లు వెళ్లేవి.

2023 ఆగస్టులో రక్షణ మంత్రిత్వ శాఖ ఇంటర్నెట్టుకి తగిలించిన తన కంప్యూటర్లలో విండోస్ తీసేసి మాయ అనే స్వదేశీ ఆపరేటింగ్ సిస్టం వెయ్యాలని నిర్ణయించినట్టు పత్రికలు రాశాయి. ఉబుంటు మీద కట్టినది. భద్రత కోసమని చెప్పారు, మంచిదే. అలా తీసేసిన విండోస్‌లకి ఎంత కట్టారు అని ఆడిటరు అడిగితే, కొన్ననాటి బిల్లులో దానికి విడిగా వరుస రాసి ఉంటే తప్ప చూపించడానికి ఏమీ ఉండదు.