రికార్డు అట్ట మీది అక్షరం

పాటల సంపుటిని ‘ఆల్బమ్’ అనడం లక్క ప్లేట్ల కాలం నాటి అలవాటు. భారతదేశం నుంచి ఎగుమతైన లక్క కలిపి తయారుచేసి, నిమిషానికి 78 చుట్లు తిప్పే ఆ ప్లేటు ఒక్కో వైపున నాలుగైదు నిమిషాల సంగీతాన్నే పట్టేది గనుక, ఒక సింఫనీ పూర్తికావాలంటే అనేక ప్లేట్లు కావలసివచ్చేవి. వాటిని కాగితపు జేబుల్లో ఉంచి, గట్టి అట్టల మధ్య ఛాయాచిత్రాల ఆల్బమ్ మాదిరిగా కుట్టేవారు. బొమ్మ లేకుండా, పేరు మాత్రమే అచ్చువేసిన ఆ ముదురురంగు పుస్తకాలకు అమెరికా వర్తకులు ‘సమాధిరాళ్లు’ అని పేరు పెట్టారు. తెలుగునాట కూడా ప్లేటు మీద కంటబడింది హెచ్.ఎం.వి. కుక్క బొమ్మే గాని గాయకుడి ముఖం కాదు.

ఈ పద్ధతిని మార్చినవాడు కొలంబియా సంస్థ కళాదర్శకుడు అలెక్స్ స్టైన్‌వైస్. 1940లో, రోజర్స్, హార్ట్‌ల పాటల సంపుటి కోసం, న్యూయార్క్‌లోని ఇంపీరియల్ నాటకశాల ముంగిటి దీపాల పలకపై అక్షరాలను మార్పించి, ఆ దృశ్యాన్ని ఫొటో తీయించి అట్టకెక్కించాడు. 1948లో నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డు వచ్చినప్పుడు, మందపాటి గోధుమరంగు కాగితపు మడతలు మెత్తని వినైల్‌పై గాట్లు పెడుతున్నాయని గమనించి, అచ్చుకాగితం అతికించిన పలుచని అట్టతొడుగును రూపొందించిందీ అతడే. తరువాతి సంప్రదాయాలకు మూలం ఆ తొడుగు నిర్మాణమూ, అంగడి అమరికా. కొనుగోలుదారు పెట్టెలో వరుసగా నిలిపిన రికార్డులను వేళ్లతో ముందుకు వంచుతూ చూస్తాడు గనుక పేరు పైభాగానికి చేరింది. వెనుకవైపు వాద్యకారుల పేర్లకూ, సంగీతాన్ని పరిచయం చేసే వ్యాసానికీ స్థానమైంది.

ఈ కట్టుబాట్లకు లోబడే అత్యున్నత కళను సాధించినవి బ్లూ నోట్ సంస్థ జాజ్ రికార్డులు. బెర్లిన్ నుంచి వలస వచ్చిన ఆల్‌ఫ్రెడ్ లయన్, ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఆ సంస్థను నడిపారు. వాద్యకారులు వాయిస్తుండగా వుల్ఫ్ తీసిన నలుపు తెలుపు ఛాయాచిత్రాలను, 1950ల మధ్య నుంచి 1967 దాకా అట్టలు రూపొందించిన రీడ్ మైల్స్ నిర్దాక్షిణ్యంగా కత్తిరించేవాడు. ఆ కోత వుల్ఫ్‌ను నొప్పించిన సందర్భాలున్నాయి. డబ్బు తక్కువ కావడంతో చాలా అట్టలు నలుపుకు తోడు ఒకే రంగుతో అచ్చయ్యేవి, ఆ పేదరికం నుంచే వాటి గాంభీర్యం పుట్టింది. జాకీ మెక్‌లీన్ ‘ఇట్స్ టైమ్!’ అట్టను ఆశ్చర్యార్థకాలే ఆక్రమించాయి, కళాకారుడి చిత్రం ఒక మూలకు ఒదిగింది. ఎరిక్ డాల్ఫీ 1964లో రికార్డు చేసిన ‘అవుట్ టు లంచ్’ అట్టపై మనిషే లేడు: యజమాని ఎప్పుడు తిరిగివస్తాడో చెప్పే దుకాణపు పలకలోని గడియారానికి ఎన్నో ముళ్లున్నాయి, అవి ఒక్కొక్కటీ ఒక్కో వేళను చూపుతాయి. తాళగతి నిలకడను సడలించిన ఆ సంగీతానికి అంతకంటె తగిన ముఖం ఊహించడం కష్టం.

అయినా మైల్స్ జాజ్ అభిమాని కాడు. అతడి మనసు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మీద ఉండేది. రికార్డులోని సంగీతం ఎటువంటిదో లయన్ మాటల్లో వివరిస్తే, ఆ మాటలను ఆధారం చేసుకొని అతడు అక్షరాలను పేర్చేవాడు.